కాంతమ్మ ఇంటి పెంకులు

నాలుగు పెంకులకి ఏడు ఆదివారాలా, ఎంత పెద్ద గాలి వస్తే మాత్రం, ఆ నాలుగు అన్న మాట కూడా ఆయన నోటి నుంచి వచ్చిందే, నేను కల్పించుకున్నది కాదు, కార్తీకంలో తుఫాను వచ్చిపోయిన మూడో నాడు అన్నం తింటూ చెప్పాడు, లత్తేరిలో కాంతమ్మ అని ఒకామె ఇంటిమీద పెంకులు ఎగిరిపోయినాయంట గోమతీ, నాలుగే, ఈశాన్యం మూల, పోయి వేసేసి వస్తా, అని, నాలుగు పెంకులు మార్చడం మా నాయనకైతే వక్కాకు నమిలి ఊసేంత సేపు, ఈయన ఏడు ఆదివారాలుగా ఎక్కుతున్నాడు దిగుతున్నాడు, తలంటు పోసుకుని మరీ పోతున్నాడు, తెల్ల చొక్కా వేసుకుని పోతున్నాడు, పెంకుల మీద పాకేవాడికి తెల్ల చొక్కా ఎందుకయ్యా అంటే సంచిలో పాతది ఉండాదిలే అంటాడు, అదీ నా మొహం చూసి అనడు, నా చెవి పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అటు చూసి అంటాడు, తప్పు చేసినవాడి చూపు ఎక్కడ నిలుస్తుందో నాకు తెలియదా, ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను, బస్సులో కండక్టరు వచ్చి ఎంగేమ్మా, యాడికి, అన్నాడు, లత్తేరి అన్నాను, నా గొంతు నాకే దొంగగొంతులా వినబడింది, ఎందుకంటే ఇంట్లో నేను చెప్పి వచ్చింది పళ్ళికొండ, రంగనాథస్వామి దర్శనం చేసుకుని సాయంత్రానికి వస్తానని, ఆయన సరే అన్నాడు, ఎవరితో పోతున్నావు అని కూడా అడగలేదు, పెళ్ళాం సంచి పట్టుకుని పొద్దున్నే బయలుదేరితే ఎవరైనా అడుగుతారు కదా, అడగలేదంటే నేను అడ్డం లేకపోవడమే కావాలన్నమాట.

సంచిలో టెంకాయ, పూలు ఉన్నాయనుకుని ఉంటాడు, రెండు చీరలు ఉన్నాయి, ఒక రవిక, దువ్వెన, మా అమ్మ ఇచ్చిన వెండి కుంకుమభరిణ, ఇవాళా ఆదివారమే, ఆయన చేరే లోపలే ఆ ఇంటి కప్పు నేను నా కళ్ళతో చూస్తాను, గాలి దెబ్బ నిజమైతే పళ్ళికొండ పోయి నిజంగానే దణ్ణం పెట్టుకుని ఇంటికి పోతాను, కాకపోతే ఇటునుంచి ఇటే వెల్లూరు, వెల్లూరు నుంచి కనియంబాడి, మా తమ్ముడు దేవా ఇంట్లో పడి ఉంటాను, గుడియాత్తంలో నా మొగుడి గడప మళ్ళీ తొక్కేది లేదు, సురేంద్రన్ మేస్త్రీ ఇల్లు సురేంద్రన్ మేస్త్రీకే, చూస్తే నీకేం తెలుస్తుంది అంటారేమో ఎవరైనా, నేను నాగలింగం మేస్త్రీ కూతుర్ని, పన్నెండేళ్ళప్పుడే తలమీద పెంకులు మోసినదాన్ని, మా నాయన పైనుంచి ఒక పగిలిన ముక్క కిందికి వేసి ఇది గాలిదా ఏండ్లదా చెప్పు పాపా అనేవాడు, నేను విరిగిన అంచు మీద వేలు పెట్టి చూసేదాన్ని, అంచు కోసుకునేటట్టు ఉండి లోపల ఎర్రగా కొత్త రక్తం రంగులో ఉంటే గాలిది, అంచు అరిగిపోయి లోపల నల్లగా పాచి పట్టి ఉంటే ఏళ్ళది, ఇంటివాళ్ళు ఏదైనా చెప్తారు, పెంకు అబద్ధం చెప్పదు పాపా అనేవాడు, మనుషుల్ని కూడా నేను అప్పట్నుంచీ అట్లాగే అంచు మీద వేలు పెట్టి చూస్తాను, అందుకే ఎవరూ నన్ను మోసం చేయలేకపోయారు, ఆదిమూలం కూడా, ఈయనతో పాటు వెల్లూరులో సెంట్రింగ్ పనికి పోయేవాడు, వీధికొక లాడ్జీ లేస్తోంది అక్కడ, పెంకుటిళ్ళు కొట్టేసి స్లాబులు పోస్తున్నారు, కావాలంటే ఏడాది పొడుగునా పని, అట్లాంటి పని మూడు నెలల కింద ఈయన మానేశాడు, అది మేస్త్రీ పని కాదు గోమతీ, కంకర పోసే పని, అన్నాడు, రేషను కొట్టు వరసలో ఆదిమూలాన్ని గుచ్చి గుచ్చి అడిగితే, అన్న మానలేదక్కా, వాళ్ళే పొమ్మన్నారు, ఎందుకని మాత్రం నన్ను అడగొద్దు, అన్ననే అడుగు, అని సంచి తీసుకుని జారుకున్నాడు, మగవాణ్ణి పని నుంచి పొమ్మని, ఆ కారణం పెళ్ళానికి చెప్పలేకపోతే, ఆ కారణానికి చీర కట్టి ఉంటుంది కాక ఇంకేమిటి.

బస్సు దిగి టీకొట్టులో కాంతమ్మ ఇల్లు యాడప్పా అంటే రైలు గేటు దాటి, చింతచెట్టు పక్క సందులో అన్నాడు, చూపించిన ఇల్లు నేను అనుకున్నంత పెద్దదీ కాదు చిన్నదీ కాదు, బెంగుళూరు పెంకుల ఇల్లు, పాతికేళ్ళ వయసు ఉంటుంది, పడమటి వాలు నిండా పాచి, చుట్టూ రెండు మిద్దెలు లేచాయి కాబట్టి మధ్యలో ఇది కూర్చుండిపోయినట్టు ఉంది, వాకిట్లో ఒకామె కందిపప్పు ఎండబోస్తోంది, చూశాను, నా వయసే ఉంటుంది, నాకంటే రెండేళ్ళు తక్కువేనేమో, బొట్టు లేదు, మొగుడు లేడన్నమాట, మెడ నునుపుగా ఉంది, చేతులు బాగున్నాయి, బాగుండక ఏం, పొలం ఉన్నవాళ్ళ చేతులు కదా, కూలీవాళ్ళు చేస్తారు, ఎవరమ్మా అంది, ఆ ఒక్క క్షణంలో నేను అనుకోకుండా ఇంకొక అబద్ధం వచ్చేసింది నోటికి, సురేంద్రన్ మేస్త్రీ పంపించినాడమ్మా, నేను ఆయన దగ్గర పెంకులు అందించే కూలిదాన్ని, ఆయన వచ్చే లోపల ఒకసారి పైకెక్కి చూసి పెట్టమన్నాడు, అన్నాను, ఆడదానివి పైకెక్కతావా అంది, మా నాయనా మేస్త్రీనే అమ్మా, చిన్నప్పట్నుంచి అలవాటే అన్నాను, నిజం ఒక్కటి కలిపితే అబద్ధం గట్టిపడుతుంది, సున్నంలో బెల్లం నీళ్ళు కలిపినట్టు, ఆమె మొహంలో భయమేదైనా కదులుతుందా అని చూశాను, కదల్లేదు, అబ్బ, మంచిపని చేసినాడు మేస్త్రీ, ఇంకొక మనిషి ఉంటే పని తెముల్తాది, అని గోడకు ఆనించి ఉన్న నిచ్చెన చూపించింది, మజ్జిగ తాగి ఎక్కమ్మా అని అడగకుండానే లోపలికి పోయి తెచ్చింది, స్టీలు లోటా, నిండుగా, కొత్తిమీర వేసి, ఈ లోటానే ఆయనకూ ఇస్తుందా, మజ్జిగలో కొత్తిమీర ఉంటే ఆయనకి ఇష్టమని ఎవరు చెప్పారు ఈమెకి, తాగాను, పాడు, బాగుంది కూడా.

పైకెక్కాను, కాళ్ళు మర్చిపోలేదు, పెంకు మీద పెంకు కూర్చునే చోట, కింద వాసం ఉన్న చోట పాదం పెట్టాలి, కొంగు నడుముకి బిగించి నేరుగా ఈశాన్యం మూలకే పోయాను, చూరు దగ్గర నాలుగు కొత్త పెంకులు, ఎర్రగా, వేరే కంపెనీ ముద్రతో, లెక్కకి నాలుగే, పక్క పెంకుల అంచులు చూశాను, చిట్లి ఉన్నాయి, వేలు పెడితే గీసుకుంది, లోపల ఇంకా ఎరుపు తగ్గలేదు, పాచి లేదు, దెబ్బలన్నీ ఒకే వైపు నుంచి, సముద్రం గాలి వచ్చే వైపు నుంచి, ఒక కొత్త పెంకు లేపి చూస్తే కింద పెంకులు ఆనే రీపరు కట్టె మీద తడి మరక ఒకటే, పాత మరకల్లా చుట్టలు చుట్టలుగా లేదు, అంటే ఇది గాలిదే, మా నాయన ఉంటే అదే చెప్పేవాడు, ఇది గాలిదే పాపా, ఆయన చెప్పింది నిజం, నాలుగే, ఈశాన్యమే, నిజమే, నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు, ఏదో చేతిలోకి వచ్చింది జారిపోయినట్టు అయింది, ఇంత దూరం వచ్చి, ఇన్ని అబద్ధాలాడి, చీరలు సర్దుకుని వచ్చి, నిజం దొరికితే దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు, అయితే మిగతా ఆరు ఆదివారాల సంగతేమిటి, నాలుగు పెంకులూ మొదటి ఆదివారమే వేసేసి ఉంటాడు, వేసినవాడు బాగానే వేశాడు, వరసలో ఉన్నాయి, కొక్కేలు రీపరుకి పట్టుకున్నాయి, మరి తర్వాత ఏ పని ఉంది ఇక్కడ, నేను పడమటి వాలుకి మళ్ళాను.

అక్కడ కనబడ్డాయి సిమెంటు పూతలు, ఒకటి కాదు రెండు కాదు, ఆరు చోట్ల, ఒక్కొక్కటి ఒక్కో వయసుది, మొన్నటిది ఇంకా ముదురుగా ఉంది, అంతకు ముందువి తెల్లబడ్డాయి, వారానికొకటి అన్నమాట, నడికప్పుకి దగ్గరగా ఒక పగులు చూశాను, జానెడు పొడుగు, పాతది, లోపల పాచి పట్టి నల్లగా ఉంది, గాలికీ దీనికీ సంబంధం లేదు, ఏళ్ళ మీద వచ్చిన పగులు, వాన నీళ్ళు దీంట్లోనుంచే దిగుతున్నాయి, సరే, కానీ పూత దీని మీద లేదు, దీని పక్క పెంకు మీద ఉంది, నాలుగు వేళ్ళ దూరంలో, ఆ పెంకుని వేళ్ళ కణుపులతో కొట్టి చూశాను, టంగుమంది, రాయి లాంటి పెంకు, దానికేం రోగం లేదు, రెండో పూత దగ్గరికి పాకాను, అక్కడా అంతే, పగులు ఒక చోట, పూత ఇంకొక చోట, మూడోదీ అంతే, నాలుగోది అయితే ఏకంగా నీళ్ళు పారే కాలవని మూసేసి ఉంది, అంటే కురవని చోట కూడా కురిసేటట్టు చేసి పెట్టాడు, పాతికేళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్నవాడు, చీకట్లో చెయ్యి పెట్టినా పగులు దొరికేది ఆయనకి, ఇది పొరపాటు ఎట్లా అవుతుంది, తెలిసి చేసిందే, కప్పు కురుస్తూ ఉండాలి, ఈమె రమ్మంటూ ఉండాలి, ఈయన వస్తూ ఉండాలి, ఓరి సురేంద్రన్, వస్తూ ఉండడానికి పనిని చెడగొట్టావా, మా నాయన నీకు పని నేర్పి తాపీ చేతికిచ్చింది ఇందుకా, ఇంకొక ఆడదానితో పోయినా ఇంత కోపం వచ్చేది కాదేమో, పని తెలిసినవాడు కావాలని పనిని పాడు చేయడం, అదీ ఆడదాని కోసం, దిగాలి, దిగి ఆమె మొహం మీదే అడిగేయాలి, అనుకుని కొంగు ఇంకొకసారి బిగించుకోవడానికి అక్కడే కూర్చున్నాను.

కూర్చున్నప్పుడు చెయ్యి ఆ పూత మీద ఆనింది, గరుగ్గా, గాట్లు గాట్లుగా తగిలింది, తాపీతో తీసిన పూత నున్నగా ఉండాలి, ఆయన పూత అద్దంలా ఉంటుంది, వంగి చూశాను, వేళ్ళ గుర్తులు, తడి సిమెంటు అంటిన వేళ్ళతో పైనుంచి కిందికి, మళ్ళీ పక్కకి, మళ్ళీ పైకి, పెంకు పెంకూ తడుముకుంటూ వచ్చిన జాడ ఎండిపోయి ఉంది, పెంకుని అచ్చు పోసినప్పుడు మధ్యలో ఒక గీత లేస్తుంది, ఉబ్బుగా, ప్రతి పెంకుకీ ఉంటుంది, వేళ్ళు ఆ గీత దాకా వచ్చి ఆగాయి, అక్కడ రెండుసార్లు నొక్కి చూశాయి, అదే పగులు అనుకున్నాయి, అక్కడే పూత పెట్టాయి, నా వేళ్ళు ఆ గుంటల్లో పెట్టి చూసుకున్నాను, మోసం చేసేవాడు ఇంతగా వెతకడు, వెతకాల్సిన అవసరమేముంది వాడికి, కింద నుంచి కాంతమ్మ అడుగుతోంది, ఏమ్మా, దొరికిందా పగులు, అని, అడిగి పప్పు కలియబెడుతూనే చెప్పుకుపోతోంది, నువ్వు వచ్చింది శానా మంచిదమ్మా, మేస్త్రీని వద్దనడానికి నాకు నోరు రావడం లేదు, కప్పు కురిస్తే కూలి లేదు, అది మేస్త్రీలోళ్ళ కట్టుబాటమ్మా అని ఏడు వారాలుగా ఒక్క పైసా ముట్టలేదు, వచ్చేటప్పుడంతా సిమెంటు ఆయనే తెచ్చుకుంటాడు, నేను చూస్తానే ఉండా, చేత్తో తడమతా పోతాడు, పోయిన వారం దిగతా దిగతా ఇంకొక మెట్టు ఉండాదనుకోని గాల్లో కాలు పెట్టేసినాడు, నేను పరిగెత్తి పట్టుకుంటి, అప్పుడు అడిగేస్తి, మేస్త్రీ, మీకు కండ్లు తెలస్తా ఉండాయా అని, నడాన, చూపు మధ్యలో, పొగమాదిరి ఉండాదమ్మా, పక్కకి తిరిగి చూస్తే కొంచిం తెలస్తాది అన్నాడు, వెల్లూరికి పోయి చూపించుకోకూడదా, పొర అయితే తీసేస్తారంట, ఇంట్లో చెప్పినారా అంటే, నవ్వి ఊరుకున్నాడు.

పక్కకి తిరిగి చూస్తే తెలుస్తుంది, నా చెవి పక్కకి, సంవత్సరం నుంచి నా చెవి పక్కకి చూస్తున్నది నన్ను చూడడానికా, లాడ్జీ పని నుంచి ఎందుకు పొమ్మన్నారో ఇప్పుడు తెలిసింది, అంత ఎత్తు మీద కళ్ళు ఆనని మనిషిని ఎవరు పెట్టుకుంటారు, ఆదిమూలం అందుకే జారుకున్నాడు, అయ్యో, పగిలిన పెంకు వయసు చెప్పగలను నేను, నా పక్కన పడుకునే మనిషి కంట్లో పొర లేస్తుంటే చూడలేదు, కానీ చూడండి, అప్పుడు కూడా, ఆ కూర్చున్న చోట కూడా, నా బుద్ధి ఊరుకుందా, ఊరుకోలేదు, ఈమెకి చెప్పాడే, నాకు చెప్పనిది ఈమెకి ఎందుకు చెప్పాడు, ఎంత దగ్గరితనం ఉంటే చెప్పుకుంటాడు, పరిగెత్తి పట్టుకుందట, ఎక్కడ పట్టుకుంది, చెయ్యా, నడుమా, అని లోపల ఒకటి గొణుగుతూనే ఉంది, కాంతమ్మ పప్పు వదిలేసి పెరట్లో ఆవు అరుస్తోందని లోపలికి పోయింది, ఎండ నెత్తి మీదికి వచ్చింది, పెంకు వేడెక్కింది, దిగుదామని నిచ్చెన దగ్గరికి పాకుతుంటే సందు మలుపులో తెల్ల చొక్కా కనబడింది.

ఆయనే, చేతిలో సంచి, ఆ సంచిలో సిమెంటు బరువు తెలుస్తోంది, గోడ పక్కగా ఒక చెయ్యి గోడకి తగిలీ తగలనట్టు పెట్టుకుని వస్తున్నాడు, ఇట్లా నడుస్తాడా ఈయన, ఎప్పట్నుంచి, తెల్ల చొక్కా ఎందుకో చెప్పనవసరం లేకపోయింది, రైలు గేటు దగ్గర లారీలు తిరుగుతుంటాయి, వాళ్ళకైనా కనబడాలని, నిచ్చెన దగ్గరికి వచ్చి చేత్తో మెట్లు తడిమి చూసుకున్నాడు, నేను పైన, పన్నెండు అడుగుల ఎత్తులో, ఎర్రటి ఎండలో, ఆయన పోయిన దీపావళికి తెచ్చిన చిలకపచ్చ చీరలో నిలబడి ఉన్నాను, దొరికాననుకున్నాను, నువ్వేమిటి ఇక్కడ, పళ్ళికొండ పోలేదా అని అడుగుతాడనుకున్నాను, పెంకు మీద నా కాలు చప్పుడయింది, ఆయన తల ఎత్తాడు, మొహం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఎవురప్పా పైన, అన్నాడు.

ఆయన నవ్వాడు, నా దగ్గర ఎన్నాళ్ళుగానో నవ్వని నవ్వు, ఆదిమూలమా, కాంతమ్మ కొడుకా, ఎవురైనా సరే పదిలం నాయనా, ఆ పక్క రీపరు పుచ్చిపోయి ఉండాది, నడాన కాలు పెట్టొద్దు, కొంచిం పేరు చెప్పప్పా, నాకు కండ్లు ఆనడం లేదు, రెండేండ్లాయె, మనిషి ఉండాడని తెలస్తాది గాని ఎవురో తెలీదు, తప్పుగా అనుకోవద్దు, అన్నాడు, అంత సులువుగా, ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా, ఎవరో కూడా తెలియని మనిషికి, ఊరూ పేరూ తెలియని మనిషికి, అంటే దాంట్లో దాపరికమేమీ లేదు, సిగ్గు లేదు, కాంతమ్మతో దగ్గరితనమూ లేదు, ఎవరడిగినా చెప్తాడు, ఆదిమూలానికి తెలుసు, లాడ్జీ వాళ్ళకి తెలుసు, రైలు గేటు వాడికి కూడా తెలిసే ఉంటుంది, ఒకనాడు నాకూ చెప్పాడు కదా, ఇప్పుడు గుర్తొస్తోంది, పొయ్యి దగ్గర కూర్చుని, కంటి ముందర పొగ మాదిరి ఉండాది గోమతీ అన్నాడు, ఏ సారాయి కొట్టులో పొగ అది, ఎవరితో కూర్చున్నావు, నిజం చెప్పు, అన్నాను నేను, ఆయన అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగి, ఏమీ లేదులే అన్నాడు, ఆ తర్వాత అనలేదు, తర్వాత ఏదీ అనలేదు, తలనొప్పి అని అనలేదు, కాలు నొప్పి అని అనలేదు, ఏ మాట చేతికిచ్చినా నేను దాని అంచు మీద వేలు పెట్టి చూస్తానని తెలిసి ఏ మాటా ఇవ్వడం మానేశాడు, కింద నిలబడి ఇంకా నవ్వుతూ పైకి చూస్తున్నాడు, ఎవరో మగమనిషి అనుకుని, ఎవరో అనుకున్నంతసేపే ఆ నవ్వు, నేను నోరు తెరిచి గోమతిని అంటే అది ఆరిపోతుంది, నాకు తెలుసు, ఆ మొహం మళ్ళీ జాగ్రత్త పడుతుంది, ఈయన ఎవరికీ భయపడడు, ఎత్తుకి భయపడడు, గుడ్డివాడైపోతానని కూడా భయపడుతున్నట్టు లేదు, ఈ లోకంలో ఒక్క నాకే భయపడతాడు, నా మొగుడు నాకు భయపడి బతుకుతున్నాడు.